ఒక్కరే పాడాల్సిన పరీక్ష

గొంతునిచ్చి, అందులో ఊపిరి పోసి, ఆ ఊపిరి ఉన్నంతవరకూ తనను స్తుతించమని మనల్ని పిలిచిన దేవునికి స్తోత్రం. కొండల మీద మంచు కమ్మినప్పుడూ ఆయనే దేవుడు, ఎండ కాసినప్పుడూ ఆయనే దేవుడు. ఈ లోయలో నాతో మాట్లాడే మనిషి లేని రోజులు చాలా గడిచాయి. నా మాట ఆయన వినని రోజు మాత్రం లేదు. ఆ మేలు ముందుగా ఒప్పుకొని, ఆయన నామంలో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా నాన్న పాచిపెంట చుట్టుపక్కల పల్లెలకు ఉపదేశి. ఆదివారం ఒక ఊళ్లో ఆరాధన ముగించి ఇంకో ఊరికి సైకిలు తొక్కేవారు. వెనక హార్మోనియం, ముందు కడ్డీ మీద నేను. జనం కూడేవరకూ పాటలు ఎత్తుకోవడం నా పని. కొంచెం పెద్దయ్యాక నాకంటే చిన్నవాళ్లకు చరణాలు నేర్పడం కూడా నా పనే అయింది. క్రిస్మస్ ఆరాధనలో నన్ను బల్ల మీద నిలబెట్టి ఒక్కదానిచేతే పాడించేవారు. మైకు నోటికి అందక సంఘపెద్ద ఒకాయన దాన్ని వంచి పట్టుకునేవారు. "ఉపదేశిగారి గుంటకి దేవుడు మంచి గొంతిచ్చినాడు" అని ఆడవాళ్లు అనుకునేవారు. నలుగురూ నోరు మూసుకొని వింటుండగా ఒక్కరే పాడటమంటే దేవుడిచ్చిన గౌరవమని అప్పుడే నా మనసులో పడిపోయింది.

ఆ తరవాత విశాఖపట్నంలో సంగీతం డిప్లొమా, ఒక మిషన్ హైస్కూల్లో పాటల టీచరు ఉద్యోగం, సెలవుల్లో చదువుకొని ఎం.ఏ., ఆ పైన పరిశోధన. మా గైడు మేడమ్ మొదటి రోజే ఒక మాట చెప్పింది. "ప్రశ్న ఒక్కటే పట్టుకో. విసుగొచ్చినా వదలకు. నీకు ముసలితనంలో తోడుండేది అదే." నవ్వుతూ చెప్పిందనుకున్నాను. ఆవిడ ఇంటికి పదిసార్లు వెళ్లాక, అక్కడ పుస్తకాలూ ఒక పిల్లీ తప్ప ఇంకెవరూ లేరని గమనించాక, నవ్వుతూ చెప్పలేదని తెలిసింది.

నేను పట్టుకున్న ప్రశ్న ఇది. ఎవరూ శ్రుతి అందించకుండా పిల్లల్ని పాడమంటే, మొదటి స్వరాన్ని వాళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు? ఒకడు కిందనుంచి ఎత్తుకుంటాడు, ఒకడు పైనుంచి. ఒక పిల్ల ఎప్పుడు పాడినా అదే స్వరం మీద మొదలుపెడుతుంది. అది వాళ్లకు ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నతోనే మా సంఘపు బడులన్నిటికీ సంగీత పర్యవేక్షకురాలినయ్యాను. చివరికి అరకు దగ్గర పాటల టీచర్లకు శిక్షణనిచ్చే కేంద్రానికి అధిపతిగా వచ్చాను.

నాలాంటి పదవుల్లో ఉన్నవాళ్లం ఏడాదికొకసారి ఏదో ఒక ఊళ్లో కలుస్తాం. ఒకాయన గొంతు మారే వయసులో మగపిల్లలు పాట ఎందుకు మానేస్తారన్నదాని మీదే జుట్టు నెరిపించుకున్నాడు. ఒకావిడకు ఎడమచేతివాటం పిల్లలు తాళం వేసే తీరు మీద ఆసక్తి. ఇంకొకావిడ చెవులు సరిగా వినబడని పిల్లలకు మృదంగం నేర్పుతుంది. ఎవరి ప్రశ్న వాళ్లకు ప్రాణం. నా వంతు వచ్చినప్పుడు నేనూ చెబుతాను. "చాలా మంచి టాపిక్ మేడమ్" అంటారు. టీ కప్పులు అందుకుంటారు. వాళ్లు చెబుతున్నప్పుడు నేనూ అంతే చేసి ఉంటాను. మీటింగ్ అయ్యాక ఎవరి రైలు వాళ్లు ఎక్కుతారు.

కేంద్రం వెనకే నా క్వార్టర్సు. రెండు గదులు, ఒక వరండా, దాటితే సిల్వర్ ఓక్ చెట్లూ కాఫీ మొక్కలూ. తరగతులు నడిచేటప్పుడు సందడే. సెలవులిస్తే వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. అతనికి మాటలు తక్కువ. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకొని ఒక కీర్తన పాడుకుంటాను. గోడలు తిరిగి నా గొంతే నాకు వినిపిస్తాయి.

మా దగ్గర చేరేవాళ్లలో ఎక్కువమంది కింద మైదానం వాళ్లే. కొండల్లో ఉద్యోగమొస్తే కొన్నాళ్లు చేసి దిగిపోతారు. అందుకే ఆ ఏడు జి.మాడుగుల పైన ఒక కొండ ఊరినుంచి ఒక అమ్మాయి వచ్చి చేరితే నా ప్రార్థనకు జవాబు దొరికిందనుకున్నాను. మా సంఘం నడిపే ఆడపిల్లల హాస్టల్ బడిలో పాటల టీచరు పోస్టు ఖాళీగా ఉంది. అక్కడి పిల్లల భాష ఆ అమ్మాయికి వచ్చు. సర్టిఫికెట్ చేతికొస్తే పోస్టు ఆమెదే అని ఆ బడివాళ్లు ముందే చెప్పారు.

ఆమె చెవి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకసారి విన్నది పట్టేసేది. పక్కన ఎవరైనా ఎత్తుకుంటే అందుకొని, గుంపంతటినీ శ్రుతిలో నిలబెట్టేది. కానీ లేపి ఒక్కదాన్నే పాడమంటే తల వంచుకొని నిలబడేది. మొదట సిగ్గనుకున్నాను. బతిమాలాను, కసిరాను, తలుపు వేసి నేనొక్కదాన్నే ఎదురుగా కూర్చున్నాను.

"ఏమ్మా, భయమా?"

"భయం కాదు మేడమ్."

"మరేమిటి?"

"మీరు ఎత్తుకోండి మేడమ్. నేను అందుకుంటాను."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఆఖరి పరీక్షలో మాత్రం ప్రతి ఒక్కరూ ఎగ్జామినర్ల ముందు ఒక్కరే పాడాలి. అది రూలు. బయటి ఊరినుంచి వచ్చే ఎగ్జామినర్లు మార్కులు వేస్తారు. అందులో నా చెయ్యి ఏమీ ఉండదు.

పరీక్షలు దగ్గరపడ్డాక, ఇంట్లోవాళ్లతో మాట్లాడితే ఏమైనా తెలుస్తుందేమోనని ఒక ఆదివారం ఆమెతో కలిసి వాళ్ల ఊరు వెళ్లాను. పాడేరులో బస్సు మారి, ఆ పైన జీపులో, చివరకు నడిచి. మేం చేరేసరికి ఆరాధన మొదలైపోయింది. రేకుల షెడ్డు, పేడతో అలికిన నేల, ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. ఆడవాళ్లలోనే మళ్లీ రెండు జట్లు. ఒక జట్టు పాట ఎత్తుకుంటే, ఆ మాట నేల మీద పడకముందే రెండో జట్టు అందుకుంటోంది. అలా చాలాసేపు విన్నాను.

అక్కడి పాస్టరుగారు ఆ కొండవాడే, కుర్రాడు. ప్రసంగం అయ్యాక నన్ను చూపించి, "మేడమ్ గారు మనకోసం ఒక ప్రత్యేక గీతం పాడతారు" అన్నాడు. ఏ సంఘానికి వెళ్లినా నాకు అలవాటే. లేచి, కళ్లు మూసుకొని, మా నాన్నకు ఇష్టమైన పాట ఎత్తుకున్నాను.

రెండో చరణంలో చుట్టూ అలికిడైంది. కళ్లు తెరిస్తే ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి నా చుట్టూ కూర్చుంటున్నారు. ఒకావిడ నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. మాటలు రాకపోయినా పాదం చివర రాగం అందుకొని సన్నగా కలుపుతున్నారు. కొందరి కళ్లలో నీళ్లు. పరిశుద్ధాత్ముడు దిగివచ్చాడనుకున్నాను. ఇంకా గట్టిగా, ఉన్న చరణాలన్నీ పాడాను.

పాట అయ్యాక ఒక ముసలామె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎవులమ్మా? ఎవులు పోనారు?"

"ఎక్కడికి?" అన్నాను.

"ఎక్కడికేటి! నీకెవులు సచ్చిపోనారని అడుగుతున్నాను."

"ఎవరూ చనిపోలేదమ్మా."

"మరి ఒక్కదానివే ఎందుకు పాడినావు?"

నాతో వచ్చిన మా అమ్మాయి ముందుకొచ్చి, ముసలామెకు వాళ్ల భాషలో ఏదో చెప్పి, తరవాత నాకు తెలుగులో చెప్పింది. ఆ ఊళ్లో పాటంటే ఇద్దరిది. ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకోవాలి. ఇంట్లో మనిషి పోయినప్పుడు మాత్రం దగ్గరి ఆడమనిషి ఒక్కతే ఎత్తుకుంటుంది. అది విని ఊళ్లో ఆడవాళ్లు పనులు వదిలేసి వచ్చి, పక్కన కూర్చొని, ఆ పాట అందుకుంటారు. వాళ్లు అందుకున్నాక ఆమె ఆపి ఏడుస్తుంది.

"మీరు ఆపలేదు మేడమ్" అంది మా అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ. "అందుకే వాళ్లకి ఇంకా జాలేసింది. మేడమ్‌కి ఇద్దరు ముగ్గురు పోయుంటారని అంటున్నారు."

షెడ్డంతా నవ్వులు. నేనూ నవ్వాను. ముసలామె మాత్రం నా చెయ్యి వదల్లేదు.

"ఇంటికాడ ఎవులున్నారు నీకు?"

"ఎవరూ లేరమ్మా. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. పెళ్లి చేసుకోలేదు."

ఆమె తలూపి, "అయితే సరిగానే పాడినావులే" అని నా చేతి మీద తట్టింది.

పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచాడు. "ఏమీ అనుకోకండి మేడమ్. ఇవన్నీ పాత అలవాట్లు, క్రీస్తులో ఉన్నవాళ్లకి ఇవేం లేవని చెబుతూనే ఉన్నాను. కొండదేవర పండగలకి పోవడం మానేశారు, బలులు మానేశారు. ఇదొక్కటే మానరు."

"మీ ఇంట్లో?"

అతను తల గోక్కున్నాడు. "మా ఆవిడా పాడదండీ ఒక్కర్తీ."

మధ్యాహ్నం ఆ అమ్మాయి ఇంట్లో చోడి అంబలి, అంటే రాగిజావ, ఇచ్చారు. తల్లి వాకిట్లో రాజ్మా కాయలు ఒలుస్తూ కూర్చుంది. అడగాలనుకున్నది నేనే, కానీ ముందు ఆమే అడిగింది.

"పరీచ్చలో మా గుంటని ఒక్కదాన్నే పాడమంతారట, నిజమేనా?"

"నిజమేనమ్మా."

"దానికి అయ్య లేడు. ఆయన పోయినప్పుడు నేనే పాడినాను. ఇప్పుడు దానికున్నది నేనొక్కదాన్నే. మరి అది ఎవులి కోసం పాడతాది?"

దేవుని బిడ్డలకు శకునాలు లేవనీ, మరణపు ముల్లు విరిగిపోయిందనీ జవాబు నా నాలుక చివరే ఉంది. చిన్నప్పటినుంచీ విన్నదే, చెప్పిందే. ఆమె ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. కూతురు ఎవరి ముందో నిలబడి, బతికున్న తల్లికి చావుపాట పాడాలి. ఆ తల్లికి పరీక్ష అలా కనబడుతోంది.

తిరిగి వచ్చే జీపులో, "సరిగానే పాడినావులే" అని ముసలామె అన్న మాటకు ఇక నవ్వు రాలేదు.

ఆ వారమంతా బైబిలు వాక్యంలో వెతుక్కున్నాను. చెరసాలలో సంకెళ్లతో పాడినవాళ్లు ఇద్దరు. ప్రభువు తన శ్రమలకు ముందు శిష్యులతో కలిసి పాడి, కొండకు వెళ్లాడు. అది చూసి సంతోషించేలోపు నా మనసే ఎదురు చెప్పింది. కీర్తనలు కట్టిన ఆ గొర్రెలకాపరి కుర్రవాడు ఒంటరిగానే పాడాడు కదా అని. రెండు వైపులా వాక్యం ఉంది. నేను మధ్యలో ఉన్నాను.

నా పరిశోధన కోసం ఎప్పుడో చేసిన రికార్డింగులు కూడా తీసి విన్నాను. ఆ వైపు బడుల్లో ఒక్కొక్క పిల్లను గదిలోకి పిలిచి పాడమన్నవి. చాలావాటిలో పాట లేదు. నా గొంతు "పాడమ్మా" అంటుంది, ఆ తరవాత నిశ్శబ్దం, దూరంగా కోడి కూత. హెడ్‌ఫోన్లు పెట్టుకొని మళ్లీ వింటే తలుపు బయట సన్నగా ఇంకేదో వినబడింది. వంతు కోసం వేచి ఉన్న పిల్లలు లోపలి పిల్ల కోసం పాట ఎత్తుకుంటున్నారు. మొదటి స్వరం ఎక్కడినుంచి వస్తుందని నేను అడిగిన పిల్లలకు అది ఎప్పుడూ పక్కవాళ్ల నోటినుంచే వస్తోంది. ఈ మాట చెప్పుకోవడానికి ఫోను తీశాను. ఎవరికి చెయ్యాలో తెలియక పెట్టేశాను. మా గైడు మేడమ్ అప్పటికే ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది.

పరీక్షకు ఇద్దరు ఎగ్జామినర్లు వచ్చారు. ఒకాయన రిటైరైన లెక్చరరు, ఒకావిడ ఇంకా ఉద్యోగంలో ఉన్న మనిషి. సంగతంతా చెప్పి, ఆ అమ్మాయి పాదం పాడితే ఇంకొకరు అందుకునేలా ఒప్పుకోమని అడిగాను.

"ఇద్దరు పాడితే మార్కులు చెరిసగం పంచమంటారా మేడమ్?" అన్నాడాయన నవ్వుతూ. తరవాత నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "మీరు చెప్పింది అర్థమైంది. రూలు మార్చమని పరీక్షల కమిటీకి రాయండి, నేనూ సంతకం పెడతాను. ఈ పూట మాత్రం నేను మార్చలేను."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

ఇంతలో తల్లి వచ్చింది. తలకు నూనె రాసుకొని, ఆరాధనకు కట్టే తెల్లచీర కట్టుకొని, తెల్లవారకముందే బయల్దేరి బస్సులు మారి వచ్చింది. నేరుగా ఎగ్జామినర్ల దగ్గరకే వెళ్లి నిలబడింది.

"బాబూ, నన్ను దాని ఎదురుగుండా కూకోనియ్యండి. నన్ను సూసుకుంటా పాడతాది. నేను బతికే ఉన్నట్టు దానికి కనబడతాది గదా."

ఆయన ఒప్పుకున్నాడు. "కూర్చోండమ్మా. నోరు మాత్రం మెదపకూడదు."

"మెదపను. ఒట్టు."

"విశ్వాసులు ఒట్టు పెట్టకూడదమ్మా" అంది మా అమ్మాయి సన్నగా.

"నువ్వు ఊరుకో. బేగి పాడీ."

ఆ అమ్మాయి తల్లి కళ్లలోకి చూసి ఎత్తుకుంది. శ్రుతిపెట్టె వైపు చెయ్యి కూడా చాపలేదు. మొదటి స్వరం సరిగ్గా, నిండుగా వచ్చింది. ఏడాది పొడుగునా నేను వినాలనుకున్న గొంతు అది. మొదటి పాదం అయింది. అందుకునేవాళ్లు ఉండాల్సినచోట ఖాళీ వచ్చింది. రెండో పాదం. ఖాళీ. తల్లి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదురుతున్నాయి. మూడో పాదం చివర కూతురి గొంతు కొంచెం వణికింది. అంతే, కొంగు జారిపోయింది. తల్లి అందుకుంది.

ఎగ్జామినరు కలంతో బల్ల మీద కొట్టాడు. ఇద్దరికీ వినబడలేదు. పాట చివరిదాకా పాడి ఆపారు.

"నోరు ఆగలేదు బాబూ" అంది తల్లి, చేతులు జోడించి. "బిడ్డ ఒక్కర్తీ పాడతా ఉంటే ఎలాగాగుతాది? నాకెయ్యకండి మార్కులు. దానికే ఎయ్యండి."

రెండో ఎగ్జామినరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. చివరకు ఇద్దరూ "అసంపూర్ణం" అని రాశారు. కేంద్రం అధిపతిగా కింద నేను సంతకం పెట్టాను. తల్లీకూతుళ్లను బస్సు ఎక్కించి వచ్చాను. బస్సు దగ్గరకు వెళ్లే దారంతా తల్లి తనను తాను తిట్టుకుంటూనే ఉంది. కూతురు ఆమె చెయ్యి పట్టుకొని నడిచింది.

దేవుని దయవల్ల హాస్టల్ బడివాళ్లు పోస్టును ఇంకొన్నాళ్లు ఖాళీగా ఉంచడానికి ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి మళ్లీ పరీక్షకు రావచ్చు. అభ్యర్థి పాడుతుంటే అందుకోవడానికి ఒక మనిషిని తెచ్చుకోనివ్వండి, మార్కులు అభ్యర్థికే వేయండి అని కమిటీకి వివరంగా రాశాను. లెక్చరరుగారు మాట నిలబెట్టుకొని సంతకం పెట్టాడు. కమిటీ ఈ నెలాఖరున కూర్చుంటుంది. పరీక్ష ఆ తరవాతి వారమే. సభ్యుల్లో ఒకరు ఫోనులో, "మేడమ్, ఇలా ప్రతి ఊరికీ ఒక రూలు పెడతామా?" అన్నారు. మిగతావారి మనసులో ఏముందో తెలియదు.

ఇప్పుడు సెలవులు. వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నాడు. పొద్దున్న కీర్తన ఎత్తుకుంటే పాదం చివర నా గొంతు దానంతటదే ఆగిపోతోంది. ఇదివరకు ఇలా ఉండేది కాదు. కాసేపు ఆగి, రెండో పాదం కూడా నేనే పాడుకుంటున్నాను.

మొన్న ఆ తల్లి ఫోను చేసింది.

"అమ్మా, ఈసారి నేను రాను. దాన్ని ఒక్కదాన్నే పాడీమనండి."

"మరి మీరు?"

"నేను పోనాననుకొని పాడీమనండి. ఉద్యోగం వొత్తాది గదా దానికి. ఆ రోజు నేను కాపీ తోటలోకి ఎల్లిపోతాను. నాకేటవదులెండి, దేవుడున్నాడు."

కూతురికి ఈ మాట తెలుసా అని అడిగాను. తెలియదంది, చెప్పొద్దంది. ఒక పాట కోసం ఏ తల్లీ అంత మాట అనుకోవలసిన అవసరం రాకూడదు.

ఇది చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, నా చేతిలో ఉన్నదంతా చేశాను. ఆ కమిటీలో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, దేవుని భయమున్నవాళ్లే. వాళ్ల హృదయాలను ప్రభువు ఈ నెలాఖరులోగా మెత్తన చేయాలని, ఆ అమ్మాయి తన తల్లిని పక్కన పెట్టుకొనే పాడి సర్టిఫికెట్ అందుకోవాలని, ఆ హాస్టల్ పిల్లలకు వాళ్ల కొండమనిషే టీచరుగా రావాలని నేను రోజూ మోకాళ్ల మీద అడుగుతున్నాను. మీరున్న చోటే ఒక్క నిమిషం తల వంచి, నాతోపాటు అడగండి.